ఎండకో దారి, వానకో దారి: మెహదీపట్నం నుంచి గచ్చిబౌలికి సైకిల్ మీద

మెహదీపట్నం నుంచి గచ్చిబౌలికి సుమారు 12 కిలోమీటర్లు. సైకిల్ మీద పొద్దున వెళ్ళడానికి 50 నిమిషాలు, సాయంత్రం తిరిగి రావడానికి 45. ఈ దూరం రోజూ తొక్కాలనుకునేవాళ్ళు మొదట సైకిల్ గురించే అడుగుతారు. ఏ కంపెనీది కొనాలి, ఎన్ని గేర్లుండాలి అని. నా అనుభవంలో అది రెండో ప్రశ్న. ముందు తేల్చుకోవాల్సింది దారి. దారి తేలాలంటే నేల వాలు తెలియాలి.

హైదరాబాద్ గుట్టల మీదా, గుట్టల మధ్య చెరువుల పక్కనా పెరిగిన ఊరు. బండి మీద వెళ్ళేవాళ్ళు యాక్సిలరేటర్ కాస్త తిప్పితే చాలు కాబట్టి ఎక్కుడు ఎక్కడ మొదలైందో వాళ్ళకు తెలియదు. తొక్కేవాళ్ళకు మాత్రం 100 మీటర్ల దూరంలో 3 మీటర్ల ఎత్తు పెరిగినా తొడల్లో తెలిసిపోతుంది. కొన్ని వారాలు తిరిగాక ఒక సంగతి అర్థమవుతుంది. తొక్కడానికి తేలికైన దారి చాలాసార్లు నీళ్ళు పారే దారే. నాలా వెంట, చెరువు దిగువన నేల మెల్లగా వాలుతుంది, కాలికి హాయిగా ఉంటుంది. జూన్‌లో గంటసేపు గట్టి వాన పడితే నీళ్ళు నిలిచేదీ అక్కడే. అందుకే ఒక దారి చాలదు. ఎండాకాలానికి ఒకటి, వానాకాలానికి ఒకటి పెట్టుకోవాలి.

నా మామూలు దారి రేతిబౌలి, నానల్‌నగర్, టోలిచౌకి, షేక్‌పేట, దర్గా, రాయదుర్గం, బయోడైవర్సిటీ కూడలి మీదుగా. వెళ్ళేటప్పుడు మొత్తం మీద ఎక్కుడు, వచ్చేటప్పుడు దిగుడు. పొద్దున అయిదు నిమిషాలు ఎక్కువ పట్టేది అందుకే. టోలిచౌకి దగ్గర షా హాతిమ్ తలాబ్ ఉంది. దాని పక్కనున్న నదీం కాలనీ 2020 అక్టోబరు వానల్లో మునిగింది. రాయదుర్గం దగ్గర మల్కం చెరువు రోడ్డును ఆనుకునే ఉంది. వాన నీళ్ళు నిలిచినప్పుడు ఈ రెండు చోట్లా సైకిల్‌కు పని లేదు. ఈ రెంటికీ మధ్య వచ్చే దర్గా హజ్రత్ హుస్సేన్ షా వలీది. 1562 ప్రాంతంలో హుస్సేన్ సాగర్ ఆయన పర్యవేక్షణలోనే తవ్వారని చెబుతారు, సాగరానికి పేరూ ఆయనదే. నీళ్ళు ఎటు పోతాయో ఎరిగిన మనిషి దర్గా ముందు నుంచి వెళుతున్నామని తెలిస్తే, ఈ నేలను కాస్త శ్రద్ధగా చూడాలనిపిస్తుంది.

రెండో దారి, వానాకాలానిది, లంగర్‌హౌజ్ మీదుగా. ఫతే దర్వాజాలోంచి గోల్కొండ కోటలోకి వెళ్ళి, బంజారీ దర్వాజా దాటి, సెవెన్ టూంబ్స్ (కుతుబ్‌షాహీ సమాధులు) పక్కనుంచి వచ్చి షేక్‌పేట వైపు పెద్ద రోడ్డులో కలవాలి. దూరం ఎక్కువే, ఒకటి రెండు చోట్ల ఎక్కుడు కూడా నిటారుగా ఉంటుంది. అయితే దర్వాజాల దగ్గర దారి ఇరుకు కాబట్టి కార్లూ ఆటోలూ నెమ్మదించక తప్పదు. అందరి వేగమూ సైకిల్ వేగానికి దగ్గరగా వస్తుంది. సైకిల్‌కు నిజమైన రక్షణ అదే. స్కూలు ఆటోలు తిరిగే సమయానికి ముందే కోట దాటేయాలి.

షేక్‌పేట దగ్గర ఫ్లైఓవర్ ఎక్కాలా, కింద వెళ్ళాలా అన్నది అందరికీ వచ్చే ప్రశ్న. 2022 జనవరి 1న తెరిచిన ఆ ఫ్లైఓవర్ పొడవు సుమారు 2.8 కిలోమీటర్లు. పైన సిగ్నళ్ళు లేవు, కాబట్టి వెనక నుంచి వచ్చేవాటికి అడ్డూ లేదు. టైరు పంక్చరైనా, కాలు పట్టేసినా పక్కకు తప్పుకోవడానికి చోటుండదు. నేను కిందే వెళతాను. సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ ఊపిరి సర్దుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఫ్లైఓవర్ నీడ పడే మేరకు ఎండ కూడా తప్పుతుంది. పై దారితో ఆదా అయ్యే నాలుగైదు నిమిషాల కోసం ఆ నీడను వదులుకోవడం దండగ.

కొత్త దారిని ఖాయం చేసుకునే ముందు రెండుసార్లు తొక్కి చూడాలి. మొదటిసారి ఆదివారం పొద్దున ఆరింటికి, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు. ఎక్కుళ్ళు, మ్యాన్‌హోళ్ళు, పంక్చర్ షాపులు, వానొస్తే నిలబడగలిగే చోట్లు అప్పుడే గుర్తుపెట్టుకోవాలి. రెండోసారి పనిదినాన, సరిగ్గా ఆఫీసు వేళకు. యూ టర్న్‌ల దగ్గర ఎంత రద్దీ ఉంటుందో, బస్టాపుల దగ్గర ఆటోలు ఎన్ని వరసల్లో నిలుస్తాయో ఆదివారం తెలియదు. ఆదివారం ఒక్కరోజు చూసి సోమవారం మొదలుపెట్టినవాళ్ళు బుధవారానికల్లా మానేయడానికి ఇదే ముఖ్య కారణం.

అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో సైకిల్ ట్రాక్ ఉంది కదా అని చాలామంది అంటారు. ఉంది. 2023 అక్టోబరు 1న తెరిచారు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా 8.5 కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5, మొత్తం 23 కిలోమీటర్లు. వెడల్పు 4.5 మీటర్లు. నార్సింగిలో ఇల్లు, నానక్‌రామ్‌గూడలో ఆఫీసు ఉన్నవాళ్ళకు అది నిజంగా వరం. మెహదీపట్నం, టోలిచౌకి, అత్తాపూర్ వాళ్ళకు మాత్రం ఆ ట్రాక్ దాకా చేరడమే అసలు ప్రయాణం. ఊరి లోపలి రోడ్ల మీద ఎడమ పక్కన మీటరున్నర జాగా, నిలిపిన కార్లు లేకుండా దొరికితే అంతకంటే ఎక్కువమంది తొక్కుతారని నా గట్టి నమ్మకం.

ఇక సైకిల్. ఈ దారికి 32 నుంచి 40 మిల్లీమీటర్ల వెడల్పు టైరు సరిపోతుంది. అంతకంటే సన్నమైతే తారు రోడ్డు, సిమెంటు రోడ్డు కలిసే చోట ఉండే పొడవాటి సందులో ఇరుక్కుంటుంది. రెండంగుళాలు దాటిన బొడిపెల టైరు మట్టిదారికి మంచిదే గానీ తారు మీద కాళ్ళ సత్తువంతా లాగేస్తుంది. ముందు చక్రానికి షాక్ అబ్జార్బర్ ఉన్న చవక సైకిళ్ళు కొనకపోవడం మేలు. బరువు పెరుగుతుంది, ఎక్కుడులో తొక్కిన ప్రతిసారీ ముందు భాగం కుంగి శ్రమ వృథా అవుతుంది. గేర్లు ఎన్ని ఉన్నాయన్నది కాదు, అన్నిటికంటే తేలిక గేరు ఎంత తేలికో చూడాలి. ముందు చిన్న పళ్ళ చక్రానికి 28 పళ్ళు, వెనక ఫ్రీవీల్‌లో పెద్దదానికి 28 పళ్ళు ఉంటే పెడల్ ఒక చుట్టుకు చక్రమూ ఒక చుట్టే తిరుగుతుంది. ఈ దారిలో ఏ ఎక్కుడైనా కూర్చునే ఎక్కవచ్చు. గేర్లు లేని పాత నమూనా సైకిల్ అయినా నడుస్తుంది. వెనక 18 పళ్ళ ఫ్రీవీల్ తీసి 20 పళ్ళది వేయించుకుంటే చాలు. దిగుడులో కాస్త వేగం తగ్గుతుంది, మోకాళ్ళు బతుకుతాయి.

సీటు ఎత్తు సరిచేసుకోకుండా తొక్కేవాళ్ళే ఎక్కువ. గోడకు ఆనుకుని సీటు మీద కూర్చుని, పెడల్‌ను అన్నిటికంటే కిందికి తెచ్చి మడమ దాని మీద పెట్టాలి. అప్పుడు మోకాలు పూర్తిగా చాచుకోవాలి. తరవాత మామూలుగా పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలిలో కొద్దిపాటి వంపు మిగులుతుంది. ఆ ఎత్తు సరైనది. సీటు మీద కూర్చునే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనుతున్నాయంటే సీటు బాగా కిందికి ఉన్నట్టే. మోకాలి చిప్ప ముందు నొప్పి వస్తే ముందు సీటు చూసుకోవాలి, డాక్టరు దగ్గరికి తరవాత వెళ్ళవచ్చు.

అన్నిటికంటే ఎక్కువ ప్రయాణాలు పాడుచేసేది గాలి. టోలిచౌకి వైపు షాపుల్లో దాన్ని హవా అనే అంటారు. 70 కిలోల మనిషికి 35 మిల్లీమీటర్ల టైరులో ముందు 50, వెనక 60 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉంటే బాగుంటుంది. టైరు పక్కన అచ్చువేసిన గరిష్ఠం దాటకూడదు. ట్యూబు రబ్బరులోంచి గాలి దానంతటదే కొంత పోతూనే ఉంటుంది కాబట్టి పంక్చర్ లేకపోయినా వారానికొకసారి కొట్టాలి. బొటనవేలితో నొక్కి చూసి సరిపోయిందనుకోవడం పొరపాటు. 35 దగ్గరా 55 దగ్గరా వేలికి ఇంచుమించు ఒకేలా ఉంటుంది. మీటరున్న నిలువు పంపు ఒకటి ఇంట్లో ఉండాల్సిందే. కొనే ముందు ట్యూబు వాల్వు ఏ రకమో చూసుకోవాలి. బండ్లకుండే లావు వాల్వు ష్రేడర్. పాత సైకిళ్ళకుండే, లోపల చిన్న రబ్బరు గొట్టం తొడిగే వాల్వు డన్‌లప్. రెండోదానికి మీటరు సరిగ్గా చూపించదు, ఆ గొట్టం గాలిని లోపలికే పోనిస్తుంది గానీ వెనక్కి రానివ్వదు. ట్యూబు మార్చే సందర్భం వచ్చినప్పుడు రిమ్ రంధ్రం సరిపోతే ష్రేడర్ వాల్వు ట్యూబు వేయించుకోవడం మంచిది. పెట్రోలు బంకు గాలి అత్యవసరానికి మాత్రమే. కార్ల టైర్లతో పోలిస్తే సైకిల్ ట్యూబులో పట్టే గాలి చాలా తక్కువ. కంప్రెసర్ పెట్టిన కొన్ని సెకన్లలోనే నిండిపోతుంది, ఒక్క క్షణం ఏమరితే టైరు రిమ్ దాటి ఉబ్బి పగులుతుంది.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి కాబట్టి టైర్లలో గాలి తక్కువ కొట్టాలని కొందరు చెబుతారు. లెక్క వేస్తే అది నిలవదు. 25 డిగ్రీల దగ్గర 60 పీఎస్ఐ కొట్టిన టైరు 45 డిగ్రీలకు వేడెక్కితే సుమారు 65 అవుతుంది, అంతే. మంచి టైరుకు అది లెక్కలోది కాదు. ఎండలో నిజంగా దెబ్బతినేవి రెండు. రోజంతా ఎండలో నిలిపిన టైరు పక్కల రబ్బరు పగుళ్ళిస్తుంది. సరిగ్గా అతకని పాత ప్యాచ్ వేడికి ఊడుతుంది. గాలి తగ్గించి తొక్కితే ఇంకో నష్టం తప్పదు. గుంతలో పడ్డప్పుడు ట్యూబు రిమ్‌కూ రోడ్డుకూ మధ్య నలిగి, పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి, పాము కాటులాగా.

పంక్చర్ వేయడం నేర్చుకోవడానికి ఒక ఆదివారం చాలు. వెనక చక్రం ఊడదీయనక్కరలేదు, చైన్ లేని వైపు నుంచే ట్యూబు బయటికి లాగవచ్చు. ముందు గాలి పూర్తిగా తీసేసి, టైరు అంచును చుట్టూ వేళ్ళతో నొక్కుతూ రిమ్ నడుమ గాడిలోకి దింపాలి. ఈ పని చేస్తే వాల్వుకు ఎదురు వైపు అంచు వదులవుతుంది. అక్కడ రెండు టైర్ లివర్లు జానెడు దూరంలో పెట్టి ఎత్తితే అంచు బయటికి వస్తుంది. స్క్రూడ్రైవర్ వాడితే ట్యూబుకు కొత్త చిల్లు పడుతుంది, రిమ్ కూడా గీరుకుపోతుంది. ట్యూబులో గాలి కొట్టి బకెట్ నీళ్ళలో ముంచితే బుడగలు వచ్చే చోటే చిల్లు. తుడిచి ఆరబెట్టి, ప్యాచ్ కంటే కాస్త ఎక్కువ మేర గరుకు కాగితంతో రుద్దాలి. ట్యూబు మీద అచ్చు గీత ఉబ్బెత్తుగా ఉంటే అది పూర్తిగా చదునయ్యేదాకా రుద్దాలి, లేకపోతే ఆ గీత వెంటే గాలి పోతుంది. సొల్యూషన్ పల్చగా పూసి మూడు నుంచి అయిదు నిమిషాలు ఆగాలి. వేలు తగిలిస్తే తడి అంటకుండా ఉన్నప్పుడే ప్యాచ్ పెట్టి గట్టిగా నొక్కాలి. తడిమీద పెట్టిన ప్యాచ్ ఆ రోజుకు నిలిచి, మూడో రోజు ఊడుతుంది. ఇంట్లో వేసుకునే పంక్చర్లు నిలవడం లేదనేవాళ్ళలో చాలామంది తప్పు ఈ అయిదు నిమిషాలు ఆగకపోవడమే.

చిల్లు ఎక్కడుందో చూస్తే కారణం తెలుస్తుంది. రోడ్డు వైపు ఉంటే ముల్లో, మేకో, తీగో. రిమ్ వైపు ఉంటే స్పోక్ తల పైకి పొడుచుకొచ్చింది లేదా లోపలి పట్టీ జరిగింది. రెండు చిల్లులు పక్కపక్కన ఉంటే గాలి తక్కువ. వాల్వు మొదట్లో చినిగితే, తక్కువ గాలితో తొక్కడం వల్ల ట్యూబు టైరుతో పాటు జరిగి వాల్వును లాగిందని అర్థం, దానికి ప్యాచ్ పనికిరాదు, ట్యూబే మార్చాలి. లారీ టైర్లు పగిలినప్పుడు రాలే సన్నటి ఉక్కు తీగలు వెంట్రుకంత ఉండి కంటికి కనబడవు. టైరు లోపల గుడ్డ పెట్టి చుట్టూ తిప్పితే, గుడ్డ పట్టుకున్న చోట తీగ ఉంటుంది. వేళ్ళతో తడిమితే కోసుకుపోతుంది. ఖాళీ జాగాల పక్కన సర్కారు తుమ్మ ముళ్ళు కూడా ఇంతే. టైరు ఎక్కించేటప్పుడు దాని మీది కంపెనీ పేరు సరిగ్గా వాల్వు దగ్గరికి వచ్చేలా పెట్టుకుంటే, వచ్చేసారి ట్యూబులో చిల్లు ఎంత దూరంలో ఉందో కొలిచి టైరులో ముల్లు ఉన్న చోటును నేరుగా పట్టుకోవచ్చు. షాపులో పంక్చర్ వేయించినా సరే, అన్నా, ముల్లు తీశావా అని ఒక్కమాట అడిగి, తీసింది చూడటం మంచిది.

హైదరాబాద్ దుమ్ము చైన్‌కు శత్రువు. వాడేసిన ఇంజిన్ ఆయిల్ పోస్తే దుమ్ము పట్టి నల్లటి ముద్దవుతుంది, అది చైన్‌ను ఆకురాయిలా అరగదీస్తుంది. కొబ్బరి నూనె కొన్ని రోజులకు జిగటవుతుంది. కుట్టుమిషను నూనె పలచన, వారం కంటే ఎక్కువ నిలవదు గానీ ఏమీ లేనిదానికంటే నయం. సైకిల్ చైన్ నూనె దొరికితే అదే వాడాలి. ముందు పొడిగుడ్డతో చైన్ తుడిచి, ఒక్కో రోలర్ మీద ఒక్కో చుక్క వేసి, రాత్రంతా వదిలి, పొద్దున పైన మిగిలిన నూనెనంతా తుడిచేయాలి. నూనె పని చేయాల్సింది రోలర్ లోపల, పైన కాదు. నెలకొకసారి 12 అంగుళాల స్కేలుతో చైన్ కొలవాలి. ఒక పిన్ను నడుమ నుంచి మొదలుపెడితే కొత్త చైన్‌లో సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఇంకో పిన్ను నడుమ వస్తుంది. ఆ పిన్ను అంగుళంలో పదహారో వంతు జరిగితే చైన్ మార్చే వేళ దగ్గరపడ్డట్టు. ఎనిమిదో వంతు జరిగిందంటే ఫ్రీవీల్ పళ్ళు కూడా అరిగిపోయి ఉంటాయి, అప్పుడు కొత్త చైన్ ఒక్కటే వేస్తే ఎక్కుడులో పళ్ళ మీద జారుతుంది.

రోడ్డు మీద ఎక్కడ తొక్కాలన్నది రాయకపోతే ఇదంతా దండగే. ఎడమ అంచుకు పూర్తిగా ఆనుకుని వెళ్ళడం క్షేమమనిపిస్తుంది, కానీ కాదు. ఇసుక, గాజు పెంకులు, జాలీ మూతలు అన్నీ ఆ అడుగున్నరలోనే ఉంటాయి. రాంగ్ రూట్‌లో వచ్చే బండ్లూ అక్కడే ఎదురొస్తాయి. అంచు నుంచి మీటరు వదిలి, గీత గీసినట్టు నేరుగా తొక్కాలి. వెనకవాళ్ళకు మన కదలిక ముందే తెలుస్తుంది. నిలిపిన కార్ల పక్కన కూడా మీటరు పైన వదలాలి, తలుపు తెరిస్తే అంత మేర వస్తుంది. ఆటో అయితే దిగే మనిషి అటూ ఇటూ చూడకుండానే దిగుతాడు. రెండు కార్ల మధ్య ఖాళీ కనబడగానే లోపలికి దూరి మళ్ళీ బయటికి రావడం అన్నిటికంటే ప్రమాదం. రాంగ్ రూట్ బండి ఎదురైతే ఆగి, ఎడమకే ఉండిపోయి, అతన్నే కుడివైపు నుంచి వెళ్ళనివ్వాలి. మనం కుడికి తప్పుకున్నామంటే వెనక వచ్చే బస్సు ముందుకు వెళ్ళినట్టే.

బస్సు ఎడమ పక్కన సందు ఎంత పెద్దగా కనబడినా అందులోకి వెళ్ళకూడదు. స్టాపు వచ్చేసరికి బస్సు ఏటవాలుగా ఎడమకు లాగుతుంది, ఆ సందు మూసుకుపోతుంది. బస్సు అద్దంలో డ్రైవరు ముఖం మనకు కనబడకపోతే ఆయనకూ మనం కనబడనట్టే. వెనకే ఆగి పది సెకన్లు ఓపిక పట్టాలి. ఫ్రీ లెఫ్ట్ ఉన్న కూడలిలో నేరుగా వెళ్ళాలనుకుంటే ముందే చెయ్యి చూపించి ఎడమ వరస వదిలి నడిమి వరసలోకి రావాలి. అంచునే ఉండిపోతే ఎడమకు తిరిగే బండ్లు మనల్ని అడ్డంగా కోస్తాయి. కూడళ్ళు మూసి యూ టర్న్‌లు పెట్టిన చోట కుడికి వెళ్ళాలంటే నాలుగు వరసలు దాటి డివైడర్ దాకా తొక్కడం వద్దు. దిగి, జీబ్రా గీతల మీద సైకిల్ నడిపించుకుని దాటడమే తొందరగా అవుతుంది కూడా.

ఎండ దిశ గురించి ఎవరూ చెప్పరు. పొద్దున పడమటికి, సాయంత్రం తూర్పుకు వెళ్ళే ఈ దారిలో రెండు పూటలా సూర్యుడు మన వీపు వైపే ఉంటాడు. మనకు కళ్ళు చెదరవు. కానీ యూ టర్న్ తీసుకునేవాళ్ళకూ, ఎదురుగా వచ్చే రాంగ్ రూట్ వాళ్ళకూ సూర్యుడు సూటిగా కళ్ళలో పడతాడు, మనం వాళ్ళకు నల్లటి నీడలాగానే కనబడతాం. అందుకే పొద్దున ఎనిమిది లోపు, సాయంత్రం అయిదున్నర తరవాత ముందు లైటు పగలే వెలిగించి ఉంచుతాను. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి గాలి ఉంటుంది కాబట్టి పొద్దున ఎదురుగాలి. ఆ నెలల్లో పది నిమిషాలు ముందు బయల్దేరాలి. చీకటి పడ్డాక వెనక ఎర్ర లైటు, చీలమండకు మెరిసే పట్టీ. కాలు పైకీ కిందికీ ఆడుతుంటే ఆ మెరుపు సైకిలని దూరం నుంచే చెబుతుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు అసలే వద్దు. వెనక వచ్చేది ఆటోనో, లారీనో చెప్పేది చెవులే. సల్వార్ వేసుకునేవాళ్ళు చున్నీని నడుముకు కట్టుకోవాలి, ప్యాంటు వేసుకునేవాళ్ళు కుడికాలి అంచు మడిచి పట్టీ వేయాలి.

చెమట అనేది చాలామందిని ఆపే భయం. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా అది సమస్యే కాదు. ఏప్రిల్, మే నెలల్లో ఏడు లోపే బయల్దేరాలి. ముందు రెండు గ్లాసుల నీళ్ళు, సీసాలో మరో 700 మిల్లీలీటర్లు. చేరాక ఉప్పు వేసిన మజ్జిగ. సంచి వీపుకు వేసుకుంటే చొక్కా పిండాల్సి వస్తుంది, అందుకని బరువంతా వెనక కారియర్ మీదికి మార్చాలి. పక్కన వేలాడే సంచిలో లాప్‌టాప్‌ను నిలువుగా, కింద మడిచిన తువ్వాలు వేసి పెడితే గుంతల దెబ్బ తగలదు. కారియర్ బోల్టులు గతుకులకు వదులవుతాయి, వారానికొకసారి బిగించాలి. చివరి కిలోమీటరు నడక వేగంతో తొక్కి, చేరాక వెంటనే బట్టలు మార్చకుండా పది నిమిషాలు ఫ్యాను కింద కూర్చోవాలి. ఒళ్ళు చల్లబడకముందే మార్చిన చొక్కా మళ్ళీ తడుస్తుంది. తడి తువ్వాలుతో మెడ, చంకలు, పాదాలు తుడుచుకుంటే స్నానం లేకపోయినా రోజు గడుస్తుంది. ఇస్త్రీ ప్యాంట్లు సోమవారం బస్సులో తెచ్చి వారానికి సరిపడా డ్రాయరులో పెట్టుకోవడం నాకు కుదిరిన పద్ధతి.

ఆఫీసు గేటు దగ్గర ఎదురయ్యేది వేరే రకం ఇబ్బంది. రిజిస్టరులో బండి నంబరు రాసే గడి ఉంటుంది, సైకిల్‌కు నంబరు ఉండదు, కాబట్టి లోపలికి వద్దంటారు. ఫ్రేమ్ నంబరు ఉంటుంది. సైకిల్ తలకిందులు చేసి పెడళ్ళ ఇరుసు ఉండే గొట్టం కింద చూస్తే లోహంలో కొట్టి ఉంటుంది. దాన్ని ఫొటో తీసి, కొన్న రసీదుతో పాటు ఫోనులో ఉంచుకోవాలి. ఆ గడిలో ఆ నంబరే రాయిస్తే చాలాచోట్ల పని జరుగుతుంది. ఒకవేళ దొంగలెత్తుకెళితే ఫిర్యాదులో రాయడానికీ అదే ఆధారం. తాళం యూ ఆకారంలోదైతే ఫ్రేమునూ వెనక చక్రాన్నీ కలిపి కదలని కమ్మీకి వేయాలి. ముందు చక్రాన్ని పానా లేకుండా చేత్తోనే ఊడదీసే లివర్ ఉన్న సైకిళ్ళకు అదనంగా ఒక తీగ తాళం కావాలి. సెల్లార్ ర్యాంపు నున్నగా, నూనె మరకలతో ఉంటుంది, అక్కడ దిగి నడిపించడమే మంచిది. పదిమంది సెక్యూరిటీ వాళ్ళను రోజూ పలకరించి, వాళ్ళ పేర్లు తెలుసుకుంటే మూలన నీడపట్టున ఒక చోటు దానంతటదే ఏర్పడుతుంది. కారులో అద్దాలు దించకుండా వచ్చేవాళ్ళకు ఈ పరిచయాలు దొరకవు. గేటు దగ్గర అన్న, పంక్చర్ షాపు భాయ్, కోట దగ్గర చాయ్ ఇచ్చే పెద్దాయన, వీళ్ళందరితో నాలుగు మాటలుంటేనే ఊళ్ళో ఉన్నట్టు ఉంటుంది.

వానాకాలం పనులు మృగశిర కార్తె లోపు అయిపోవాలి. రిమ్‌ను పట్టే బ్రేకులైతే షూల మీద గాడులు మిగిలి ఉన్నాయో లేదో చూడాలి. గాడులు మాయమైతే మార్చాల్సిందే. తీగ చివర తెగిన పోగులు కనబడితే తీగ కూడా. తడి రిమ్ మీద బ్రేకు వెంటనే పట్టదు, మొదటి ఒకటి రెండు చుట్లు నీళ్ళు తుడవడానికే పోతాయి. అందుకని ఆగాల్సిన చోటు కంటే చాలా ముందే మెల్లగా పట్టి తుడిచి, తరవాత గట్టిగా పట్టాలి. ముందు బ్రేకే ఎక్కువ ఆపుతుంది, కానీ తడి రోడ్డు మీద మలుపులో ఉండగా దాన్ని పట్టకూడదు. పెయింటు గీతలు, ఇనుప మూతలు, మొదటి వానకు పైకి తేలిన నూనె, ఈ మూడింటి మీదా సైకిల్ నిటారుగా ఉండాలి, తిప్పకూడదు. మడ్‌గార్డులు పూర్తి పొడవువి కావాలి.

సాయంత్రం మబ్బు కమ్మితే ఆఫీసులోనే ఆగిపోవడం, సగం దారిలో పట్టుకుంటే షేక్‌పేట ఫ్లైఓవర్ కింద నిలబడటం. నిలిచిన నీళ్ళలోకి చక్రం దింపకూడదు, ఎంత లోతు తక్కువగా కనబడినా సరే. నీళ్ళు పోవడానికి మ్యాన్‌హోల్ మూతలు తీసి పక్కన పెడతారు, బురద నీళ్ళలో ఆ రంధ్రం కనబడదు. వాన వెలిశాక గోల్కొండ దారి పట్టాలి, అక్కడా నీళ్ళున్నాయని ముందే తెలిస్తే సైకిల్‌ను ఆఫీసులోనే వదిలేసి బస్సెక్కాలి. సెల్లార్లలోకి కూడా నీళ్ళొస్తాయి కాబట్టి వదిలే ముందు పై అంతస్తు మెట్ల కిందికి మార్చి, చైన్ తుడిచి, రెండు చుక్కల నూనె వేసి రావాలి. తడిసిన చైన్ ఒక్క రాత్రిలో తుప్పు పడుతుంది.